డబ్బాలో ఉన్న విమానమా, డబ్బాలో లేని విమానమా: పాత ఫైటర్ల మోడల్ కిట్లలో ఏది కొనాలి

మహబూబ్‌నగర్ నుంచి మా మేనల్లుడు మొన్న వాట్సాప్‌లో మూడు డబ్బాల ఫోటోలు పంపాడు. ఒకదాని మీద స్పిట్‌ఫైర్, ఒకదాని మీద హాకర్ హంటర్, మూడోదాని మీద నిగనిగలాడే ఎర్ర నాట్ జెట్. "మామా, మూడింటికీ పైసలు లేవు. ఏది తీసుకోవాలె? నాకైతే మన విమానం చేయాలని ఉంది" అని కింద రాశాడు. మన విమానం అంటే ఏందిరా అని అడిగితే, "మన వాయుసేనదైనా సరే, హైదరాబాద్ పేరున్నదైనా సరే" అన్నాడు.

ఆ మాటతో లెక్క మారిపోయింది. మూత మీద బొమ్మలో ఉన్నదే చేస్తానంటే ఏది కొన్నా పర్వాలేదు, రంగుల చార్టు కూడా లోపలే ఉంటుంది. కానీ మనకు కావలసింది చాలాసార్లు డబ్బాలో ఉండదు. కిట్లు పోసేవాళ్ళు ఇంగ్లండ్, చెక్, పోలండ్, జపాన్, కొరియా, చైనా దేశాల వాళ్ళు. ముందు వాళ్ళ ఊరి విమానం చూసుకుంటారు, ఆ తర్వాతే ఇంకొకరిది. అందుకే మనం కన్వర్షన్ చేయక తప్పదు: ఉన్న కిట్‌ను కొంచెం కోసి, కొంచెం అతికించి, మనకు కావలసిన మార్కుగా, అంటే అదే విమానంలో ఇంకో రకంగా, మార్చుకోవడం. నేను కిట్ ఎంచేటప్పుడు ధరకన్నా ముందు చూసేది ఒకటే, డబ్బాలో ఉన్నదానికీ మనకు కావలసినదానికీ దూరం ఎంత అని. అక్షరాలు మారిస్తే సరిపోతుందా, తోక దగ్గర కోయాలా, లేక రెక్కే వేరా? ఆ మూడు డబ్బాలకూ ఈ కొలత పెడితే మూడు జవాబులు వచ్చాయి. వాటితో పాటు వాడు అడగని ఒకటి రెండు విమానాల సంగతి కూడా చెప్తాను.

హైదరాబాద్ పేరున్నవి

మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వాళ్ళకు డీహెచ్-9ఏ బాంబర్లు కానుకగా ఇచ్చాడు. అవి అందుకున్న 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు వచ్చింది. రెండో యుద్ధంలో ఆ పేరు ఇంకో రెండు దళాలకు కూడా వచ్చింది: 152 హైదరాబాద్ స్క్వాడ్రన్, 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్. మొదటిది స్పిట్‌ఫైర్లు, రెండోది హరికేన్లు నడిపింది. 1940లో ఇంగ్లండ్ మీద జర్మన్లు విమానాలతో విరుచుకుపడ్డప్పుడు రెండూ ఆ యుద్ధంలో ఉన్నాయి. 152 బ్యాడ్జి మీద ఉన్నది సాక్షాత్తూ నిజాం తలపాగా. నల్లగొండ, పాలమూరు అప్పట్లో ఆయన రాజ్యంలో జిల్లాలే కాబట్టి, ఆ కానుకల వెనక ఎవరి శిస్తు ఉందో మా తాత బతికి ఉంటే రెండు గంటలు తిట్టేవాడు. అదట్లా ఉంచుదాం. మోడల్ చేసేవాడికి మాత్రం ఇంత దగ్గరి సంబంధం ఉన్న ఫైటర్ ఇంకోటి లేదు.

152 వాళ్ళ 1940 నాటి విమానం స్పిట్‌ఫైర్ మార్క్ 1. ఈ మార్కు ఏ స్కేల్లోనైనా దొరుకుతుంది. ఇంగ్లండ్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ వాళ్ళు మొట్టమొదట పోసిన విమానం కిట్టే స్పిట్‌ఫైర్. ఇప్పుడు వాళ్ళు అమ్మే కొత్త అచ్చు మార్క్ 1 తీసుకుంటే ప్లాస్టిక్ ఒక్క చోట కూడా కోయక్కర్లేదు. పైన ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు. అడుగున స్కై అనే లేత రంగు, తెలుపులో కాస్త ఆకుపచ్చ, చిటికెడు పసుపు కలిపితే వచ్చేలాంటిది. పక్కన బూడిదరంగులో యూ, ఎం అనే స్క్వాడ్రన్ అక్షరాలు, వాయుసేన గుండ్రటి గుర్తుకు అవతల విమానం సొంత అక్షరం ఒకటి. అంతే పని. డబ్బాలో వచ్చే డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అతికించే గుర్తులు) వేరే స్క్వాడ్రన్‌వి అయితే బూడిదరంగు అక్షరాల షీట్లు విడిగా దొరుకుతాయి. లేదా కంప్యూటర్‌లో అక్షరం సైజు పెట్టి ప్రింట్ తీసి, మాస్కింగ్ టేపు మీద బ్లేడుతో కోసి, ఆ సందులో రంగు కొట్టుకోవచ్చు. 72వ స్కేల్లో, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో, అక్షరం ఎత్తు సెంటీమీటరుకు అటూఇటూ ఉంటుంది. యూ తేలికే. ఎం మధ్యలో ఉన్న సన్నటి కోణం దగ్గర నా బ్లేడు ప్రతిసారీ జారుతుంది.

హరికేన్‌కు దూరం ఇంచుమించు అంతే. 253 అక్షరాలు ఎస్, డబ్ల్యూ. కానీ రెండు చోట్ల చూసుకోవాలి. మొదటి హరికేన్ల రెక్కలకు గుడ్డ కప్పేవారు, తర్వాత వచ్చినవాటికి లోహపు రేకు. కిట్లు రెండు రకాలూ ఉన్నాయి, డబ్బా పక్కన చూసి లోహపు రెక్కది తీసుకోండి. 72లో పోలండ్ వాళ్ళ ఆర్మా హాబీ హరికేన్ నాకు తెలిసినంతలో చాలా చక్కటి పోత. రెండోది ఒంటి వెనక సగం. అది నిజం విమానంలోనే గుడ్డ, కింద కర్ర బద్దీల వరసలు. మోడల్లో ఆ వరసలు సన్నటి గట్లుగా ఉంటాయి. రెండు సగాలూ అతికించాక మధ్య గీతను వాటర్ పేపర్‌తో రుద్దేటప్పుడు పక్క గట్లు కూడా పోయాయంటే మళ్ళీ రావు. అందుకే హరికేన్‌కు డ్రై ఫిట్ (జిగురు లేకుండా భాగాలు కలపడం) రెండుసార్లు చూసి, జిగురు తక్కువ పెట్టి, రుద్దే పనే లేకుండా చేసుకుంటాను. మొదటిసారి చేసేవాళ్ళకు స్పిట్‌ఫైర్ ఒళ్ళు నున్నగా ఉంటుంది, తప్పును క్షమిస్తుంది.

కొంచెం కోసేవాళ్ళకు: బర్మా స్పిట్‌ఫైర్

152 స్క్వాడ్రన్ తర్వాత బర్మా వైపు వచ్చింది, అక్కడ నడిపింది స్పిట్‌ఫైర్ మార్క్ 8. విమానం పక్కన గుండ్రటి గుర్తును దాటుతూ దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకునేవారు. చూడగానే చేయాలనిపించే బొమ్మ. అప్పటి మన రాయల్ ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ కూడా బర్మాలో మార్క్ 8 నడిపింది. ఢిల్లీ పాలం మ్యూజియంలో వాయుసేన దగ్గర ఇప్పటికీ ఒక మార్క్ 8 ఉంది.

ఇక్కడే అసలు పోలిక వస్తుంది. ఎడ్యుఆర్డ్ అనే చెక్ కంపెనీ మార్క్ 8ని నేరుగా అమ్ముతుంది. మార్క్ 9 కిట్లు మాత్రం చౌకవీ ఖరీదువీ బోలెడు. 9 కొని 8గా మార్చాలా, 8 నేరుగా కొనాలా?

మార్చడానికి పట్టే పని ఇది. రెండూ ఒకటే ముక్కు, నాలుగు ఆకుల ప్రొపెల్లర్, రెక్కల కింద ఒకే తీరు రేడియేటర్లు రెండు. తేడా తోక దగ్గర మొదలవుతుంది. మార్క్ 8 తోక చక్రం లోపలికి మడుచుకుంటుంది. కిట్లోని చక్రం కోసేసి, దాని చోట పొడుగాటి సందు తెరిచి, రెండు పక్కలా బియ్యపు గింజంత తలుపులు పలుచటి ప్లాస్టిక్ షీటుతో చేసి పెట్టాలి. రడ్డర్ (తోక నిలువు రెక్క వెనక కదిలే పలక) పైకొస మొనదేలి ఉండాలి. చాలా మార్క్ 9 కిట్లు గుండ్రటిదీ మొనదేలినదీ రెండూ ఇస్తాయి, వెతికితే భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేములో కనబడుతుంది. ముక్కు కింద గాలి పీల్చే తొట్టి పొడుగుది, దుమ్ము వడపోసేది. ఇక ఎయిలరాన్, అంటే రెక్క వెనక అంచున కదిలే పలక, పొట్టిది. రెక్క చివర వైపు కిట్ గీతను పుట్టీతో పూడ్చి, కొంచెం లోపలికి కొత్త గీత గీయాలి. గీయడానికి నేను వాడేది కుట్టుమిషన్ సూది, దాన్ని పాత బాల్‌పెన్ను గొట్టంలో ఎం-సీల్‌తో బిగించాను. మాస్కింగ్ టేపును రెండు పొరలు అంటించి అంచు చేసుకుని, బరువు పెట్టకుండా పది పన్నెండు సార్లు లాగితే సన్నటి గాడి పడుతుంది. తొందరపడి రెండోసారికే నొక్కారంటే సూది అంచు దాటి రెక్క మీద పక్కదారి పడుతుంది, ఆ గీతను పూడ్చడానికి ఇంకో సాయంత్రం.

నాలుగు చోట్ల పని, నాలుగైదు సాయంత్రాలు. ఇంట్లో మార్క్ 9 కిట్ ముందే ఉంటే మార్చండి. కన్వర్షన్ నేర్చుకోవడానికి ఇంతకంటే మర్యాదైన విమానం లేదు, ఎక్కడ తప్పినా స్పిట్‌ఫైర్ స్పిట్‌ఫైర్‌లాగే కనబడుతుంది. కిట్ కొత్తగా కొనాల్సి వస్తే మాత్రం నేరుగా 8 కొనండి. పైసలు మిగిలించడానికి కన్వర్షన్ చేస్తున్నామని మనకు మనం చెప్పుకుంటాం గానీ, ప్లాస్టిక్ షీటు, అదనపు భాగాలు, పార్సిల్ ఖర్చు కలిపితే మిగిలేది ఏమీ ఉండదు.

మార్క్ 8కు ఒక్క హెచ్చరిక. బర్మా విమానాల గుండ్రటి గుర్తుల్లో ఎరుపు ఉండదు, ముదురు నీలం, లేత నీలం మాత్రమే. జపాన్ విమానాల ఎర్ర గుండ్రంతో పొరబడకుండా తీసేశారు. మార్క్ 9 డబ్బాలో వచ్చే యూరప్ గుర్తులు అతికిస్తే పని అంతా వృథా.

హంటర్ తోక

1957 నుంచి మన వాయుసేనకు హంటర్లు వచ్చాయి. వాటి పేరు ఎఫ్-56. 1971 డిసెంబర్‌లో లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల మీద జైసల్మేర్ నుంచి లేచి విరుచుకుపడ్డవి ఇవే. కిట్‌గా మాత్రం ఎక్కువగా దొరికేది బ్రిటిష్ ఎఫ్-6, లేదా ఎఫ్‌జీఏ-9. రెవెల్‌ది 72లో, అకాడమీది, ఎయిర్‌ఫిక్స్‌ది 48లో.

ఎఫ్-6కూ మన ఎఫ్-56కూ కంటికి కనబడే పెద్ద తేడా తోక చివర. మన విమానానికి బ్రేకు పారాచూట్ ఉంటుంది, దాని గూడు జెట్ గొట్టం పైన బుడిపెలా వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది. ఎఫ్‌జీఏ-9కు ఈ గూడు ఉంటుంది కాబట్టి అంగట్లో రెండూ ఉంటే కళ్ళు మూసుకుని 9 తీసుకోండి, దూరం సగం తగ్గుతుంది. ఎఫ్-6 మాత్రమే దొరికితే భయపడకండి, నేను చేసింది అదే.

ఫ్రేములోంచి లావాటి కడ్డీ ముక్క సెంటీమీటరు కోశాను. చిన్న డ్రిల్లు మిషన్ నోట్లో పెట్టి తిప్పుతూ, 400 నంబరు వాటర్ పేపర్ మడిచి రెండు వేళ్ళతో పట్టుకుంటే కడ్డీ గుండ్రంగా నునుపు తేలుతుంది, వేళ్ళు కాలకుండా పేపర్ తడిపి పెట్టుకోవాలి. చివర గుమ్మటంలా వంపు వచ్చాక 1000 నంబరుతో మెరుగు. తర్వాత అడుగు భాగాన్ని ఎలుకతోక ఆకురాయితో తొలిచి, జెట్ గొట్టం మీద గుర్రం మీద జీనులా కూర్చునేట్టు చేశాను. నాలుగోసారికి కుదిరింది, మొదటి మూడూ చిన్నవైపోయి గచ్చు మీద ఎక్కడో దొర్లిపోయాయి. ఫెవిక్విక్ బొట్టుతో నిలబెట్టి, చుట్టూ సందును ఎం-సీల్‌తో పూడ్చి, తడివేలితో నిమిరి, తెల్లారేదాకా వదిలేశాను. పొద్దున బూడిదరంగు ప్రైమర్ కొడితే ఎడమవైపు చిన్న గుంట బయటపడింది. ప్రైమర్ లేకుండా చూస్తే తెల్ల ప్లాస్టిక్కూ ఎం-సీలూ వేరు వేరు రంగుల్లో ఉండి కన్ను మోసపోతుంది, అందుకే ప్రైమర్ దాటవేయకండి.

హంటర్‌తో ఇంకో సంగతి ముక్కు బరువు. మూడు చక్రాల మీద ముక్కు ముందుకు నిలబడాలి, లోపల బరువు పెట్టకపోతే తోక మీద కూర్చుంటుంది. సైకిల్ షాపులో దొరికే ఇనుప గుండ్లు ఎం-సీల్‌లో పాతి ముక్కు లోపల పెడతాను. రెండు సగాలూ అతికించాక గుర్తుకొస్తే ఏమీ చేయలేరు. రంగులు బ్రిటిష్ పద్ధతి, పైన ముదురు ఆకుపచ్చ, ముదురు బూడిద. అడుగు రంగు మీరు ఏ సంవత్సరపు విమానం చేస్తున్నారో దాని ఫోటో చూసి నిర్ణయించుకోండి, డబ్బా చార్టును నమ్మకండి.

గుండ్రటి గుర్తు: బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. తిరగేసి అతికించిన మోడళ్ళు నేను చూశాను. భారత డెకాల్స్ విడిగా కొనలేకపోతే ఇంట్లో డెకాల్ పేపర్ మీద ప్రింట్ తీసుకోవచ్చు, కానీ మన ఇంటి ప్రింటర్లు తెలుపు వేయవు. పారదర్శక పేపర్ మీద తీసి ఆకుపచ్చ రెక్క మీద అతికిస్తే కాషాయం మట్టిరంగైపోతుంది. తెల్ల పేపర్ మీద తీయండి, లేదా ముందు ఆ చోట తెల్ల గుండ్రం రంగు వేసుకోండి.

ఎర్ర నాట్ దగ్గర ఆగండి

మేనల్లుడి మనసు అసలు దీని మీదే ఉంది. నాకు అర్థమవుతుంది. 1965లో పాకిస్తాన్ సేబర్ జెట్లను కూల్చింది, 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ ఒంటరిగా పోరాడి ప్రాణమిచ్చింది నాట్‌లోనే. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. వాయుసేనలో ఆ పతకం ఇప్పటిదాకా ఆయన ఒక్కడికే.

కానీ ఆ డబ్బాలో ఉన్నది ఆ నాట్ కాదు. బ్రిటిష్ విన్యాసాల బృందం రెడ్ యారోస్ నడిపినది టీ-1, ఇద్దరు కూర్చునే ట్రైనర్. సెఖోన్‌ది ఒంటి సీటు ఫైటర్. "వెనక సీటు పూడ్చేస్తే సరిపోదా మామా?" అన్నాడు. సరిపోదు. ట్రైనర్ కోసం ఒళ్ళు సాగదీశారు, రెక్క పెద్దది చేశారు, తోక కూడా పెంచారు. రెక్కల వెడల్పు ఫైటర్‌ది 6.73 మీటర్లు, ట్రైనర్‌ది 7.32. అంటే ఒళ్ళు రెండు చోట్ల కోయాలి, రెక్క కొత్తగా చెక్కాలి, తోక మార్చాలి, కాక్‌పిట్ అద్దం కొత్తగా తీయాలి. చివరికి కిట్లో మిగిలేది చక్రాలే. ఇది కన్వర్షన్ అనిపించుకోదు, పాత ఇంటి తలుపు ఉంచి ఇల్లు కట్టడం.

ఒంటి సీటు నాట్ కావాలంటే చెక్ కంపెనీ స్పెషల్ హాబీ 72లో పోసింది. దాని నుంచి హెచ్‌ఏఎల్ వాళ్ళు తయారుచేసిన అజీత్ కూడా అదే కంపెనీ ఇచ్చింది. తక్కువ సంఖ్యలో పోసే కిట్ కాబట్టి భాగాలు కలిపే పిన్నులు ఉండవు, అంచులు మందంగా ఉంటాయి, ప్రతిదీ రుద్ది సరిచూసుకోవాలి. అయినా ఎర్ర డబ్బాను కోయడం కంటే పదిరెట్లు నయం. పూర్తయితే రెక్కల వెడల్పు తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు, అరచేతిలో పడుతుంది. ఒక ముచ్చట: నాట్ చక్రాల కాళ్ళే దాని ఎయిర్‌బ్రేకులు, సగం దించితే వేగం తగ్గుతుంది. అందుకని కాళ్ళ తలుపులు నాజూకు, వాటిని చివర అతికించండి.

మిగ్-21 గురించి క్లుప్తంగా. 1963లో వచ్చి 2025 సెప్టెంబర్ 26న సెలవు తీసుకున్న విమానం, అందరూ అదే అడుగుతున్నారు. 1971లో ఢాకా గవర్నర్ భవనం మీద దాడి చేసిన మిగ్-21ఎఫ్‌ఎల్ కావాలంటే పీఎఫ్‌ఎం అనే ఇంకో రకం కిట్ కొని మోసపోకండి, కాక్‌పిట్ మూత తెరుచుకునే తీరే వేరు: ఎఫ్‌ఎల్‌ది ఒకే ముక్క, ముందుకు లేస్తుంది. వీపు మూపురం కూడా మార్కు మార్కుకూ మారుతుంది. ఎంఎఫ్, బిస్ కిట్ల నుంచి ఎఫ్‌ఎల్ చేయాలనుకోవడం వృథా. పైగా చాలా మిగ్‌లకు లోహపు వెండి రంగు. దాన్ని కుంచెతో వేస్తే రేకు డబ్బాకు సున్నం వేసినట్టుంటుంది. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పనిముట్టు) కొన్న తర్వాత చూసుకోండి.

72నా, 48నా

స్పిట్‌ఫైర్ రెక్కలు కొస నుంచి కొసకు 11.23 మీటర్లు. 72లో పదిహేనున్నర సెంటీమీటర్లు, 48లో ఇరవైమూడు దాటుతుంది. హంటర్ పొడుగు 72లో పంతొమ్మిదికి పైన, 48లో ఇరవైతొమ్మిది. మా ఇంటి షోకేసులో 48 హంటర్ పెట్టాలంటే మా ఆవిడ పెళ్ళి ఫోటో తీయాలి, ఆ చర్చ ఇంకా తేలలేదు.

కన్వర్షన్ వరకు చూస్తే 48లో కోయడం, గీయడం సుఖం. బియ్యపు గింజ తలుపు పెసరగింజ అవుతుంది. నలభై దాటిన కళ్ళకు నేను అదే చెప్తాను. కానీ 48లో కాక్‌పిట్ ఖాళీగా ఉంటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది, సీటు బెల్టుల దాకా చేయాలి. 72లో నల్లరంగు, రెండు చుక్కలు వేసి మూత పెట్టేస్తే ఎవరూ అడగరు. మేనల్లుడికి పదహారేళ్ళు, కళ్ళు బాగున్నాయి, పైసలు లేవు. వాడికి 72.

డబ్బా కొత్తగా ఉందని లోపలి అచ్చు కొత్తదనుకోవద్దు. నలభై యాభై ఏళ్ళ నాటి అచ్చుతో పోసిన ప్లాస్టిక్కే కొత్త బొమ్మ మూతతో వస్తుంటుంది. పాత అచ్చుల మీద గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. కన్వర్షన్ అంటే రుద్దడం, రుద్దితే అవి పోతాయి, అన్నీ మళ్ళీ గీయాలి. స్కేల్‌మేట్స్ అనే సైట్లో కిట్ పేరు కొడితే అచ్చు ఏ సంవత్సరానిదో చూపిస్తుంది. కొనే ముందు ఆ రెండు నిమిషాలు పెట్టండి.

రెడీమేడ్ రెజిన్ భాగాల సంగతి: సీటుకు, జెట్ గొట్టానికి బాగుంటాయి, హంటర్ తోక బుడిపెకు అనవసరం. రెజిన్‌కు ప్లాస్టిక్ జిగురు పట్టదు, ఫెవిక్విక్కే. దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపే రుద్దండి.

మన ఎండ, మన నీళ్ళు

నల్లగొండలో మే నెలలో యాక్రిలిక్ రంగు సీసాలోంచి రెక్క మీదికి చేరేలోపే కుంచె మీద ఎండిపోతుంది. ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ చుక్క కలిపినా మధ్యాహ్నం పని జరగదు. తెల్లవారుజామున, ఫ్యాన్ ఆపి వేస్తాను; ఫ్యాన్ వేస్తే ఆరేలోపు దుమ్మంతా దాని మీదే. కుంచెతో చేసేవాళ్ళకు ఎండాకాలం ఎనామిల్ నయం, నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి కుంచె గీతలు సర్దుకుంటాయి. వానాకాలం తిరగబడుతుంది, ఎనామిల్ రెండు రోజులకు కూడా జిడ్డుగానే ఉంటుంది. బ్రిటిష్ ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలకు ఎయిర్‌బ్రష్ అక్కర్లేదు. మూడు పలుచటి పూతలు కుంచెతో చాలు. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ పైసలతో ఇంకో మూడు కిట్లు వస్తాయి.

థిన్నర్ విషయంలో నా పాపం చెప్పుకోవాలి. నా మొదటి హంటర్‌కు కుడిరెక్క రంగు నచ్చక, తుడిచేద్దామని హార్డ్‌వేర్ షాపు నుంచి తెచ్చిన ఎన్‌సీ థిన్నర్ గుడ్డకు అద్ది ఒక్కసారి లాగాను. రంగు పోయింది. దానితో పాటు గీతలు, మేకుల గుర్తులు, రెక్క అంచు కూడా కరిగి వానకు తడిసిన మట్టిగోడలా అయింది. కార్లకు వాడే ఆ థిన్నర్ మోడల్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. ఆ హంటర్ ఇప్పుడు విడిభాగాల డబ్బాలో ఉంది, దాని డ్రాప్ ట్యాంకులు (రెక్కల కింద వేలాడే ఇంధనం ట్యాంకులు) రెండో హంటర్‌కు వాడాను.

డెకాల్స్ నానబెట్టే నీళ్ళు కూడా ముఖ్యమే. మన బోరు నీళ్ళ సంగతి తెలిసిందే, ఆరాక డెకాల్ చుట్టూ తెల్లటి మరక కడుతుంది, ముదురు ఆకుపచ్చ మీద మరీ కొట్టొచ్చినట్టు. ఆటోమొబైల్ షాపులో బ్యాటరీ వాటర్ సీసా తెచ్చి పెట్టుకోండి, ఒక్క సీసా ఏడాది వస్తుంది. డెకాల్స్ పసుపుబారి ఉంటే పాలిథిన్ సంచిలో పెట్టి కిటికీ అద్దానికి అంటించండి, మన ఎండకు నాలుగు రోజుల్లో తెల్లబడతాయి. ఎండతో మనకు కలిగే ఒక్క లాభం అదే.

కాక్‌పిట్ అద్దానికి ఫెవిక్విక్ పెట్టకండి, దాని ఆవిరికి అద్దం లోపల పొగమంచు పట్టినట్టవుతుంది. ఫెవికాల్ చాలు, తెల్లగా పెట్టినా ఆరితే కనబడదు, తప్పు పెడితే తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

మేనల్లుడు చివరికి 72 స్పిట్‌ఫైర్ మార్క్ 1 తెప్పించుకున్నాడు. నాట్ మీద మమకారం మాత్రం చావలేదు, దసరా పైసలతో స్పెషల్ హాబీది కొంటానంటున్నాడు. స్పిట్‌ఫైర్ పూర్తిచేసి నాకు చూపిద్దామని చెప్పుల డబ్బాలో పెట్టి బస్సెక్కాడు. రెక్కలను మాస్కింగ్ టేపుతో అట్టకు బాగానే బిగించాడు. కానీ కాక్‌పిట్ వెనక నిటారుగా ఉండే ఏరియల్ కర్ర సంగతి మరిచాడు. కల్వకుర్తి బస్టాండ్‌లో ఎవరిదో సంచి డబ్బా మీద పడి అది విరిగింది. ఇంట్లో కూర్చుని స్ప్రూ (కిట్ ఫ్రేము కడ్డీ) ముక్కను కొవ్వొత్తి మీద వేడిచేసి లాగి కొత్తది చేశాం, ఇంకోటి చేసి కవర్లో పెట్టి ఇచ్చి పంపాను. ఈసారి ఇల్లు చేరాకే అతికించమన్నాను.